ఇక్కడి నల్లజాతివాళ్ల ఓటు గొడవలో మనం నోరు విప్పాలా? మూడు నిమిషాలు మాట్లాడమన్నారు, సలహా కావాలి

రైలుపట్టాల_ఊరు:

అందరికీ నమస్తే. కొంచెం పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

మేం అలబామాలో ఉంటాం. హంట్స్‌విల్‌కి గంట దూరంలో చిన్న ఊరు, పేరు రాయను. వచ్చి పదిహేడేళ్లయింది. నాకు పోయినేడు సిటిజన్‌షిప్ వచ్చింది, మా ఆయన ఇంటర్వ్యూ ఇంకా అవ్వలేదు.

సంగతేంటంటే, మా ఊరి కౌన్సిల్‌లో అయిదుగురు మెంబర్లు. వార్డులు లేవు, అయిదుగురినీ ఊరంతా కలిసి ఎన్నుకుంటుంది. ఊళ్లో మూడోవంతు నల్లజాతివాళ్లు. నేను వచ్చాక ఒక్క నల్లజాతి మెంబరు కూడా గెలవలేదు, అంతకుముందూ లేరట. వాళ్లలో ఎక్కువమంది రైలుపట్టాలకి అవతల ఉంటారు. నా ఆఫీసులో పక్కసీటావిడ ఇల్లు అక్కడే. గట్టిగా వాన పడితే వాళ్ల వీధిలో నీళ్లు గుమ్మం దాకా వస్తాయి, కాలవ బాగు చెయ్యమని ఆవిడ తొమ్మిదేళ్లుగా అర్జీలు పెడుతోంది. మా వైపు కాలిబాట పగిలితే మాత్రం నెలలో వచ్చి సిమెంటు వేసి వెళ్తారు. నేను చూస్తూనే ఉన్నాను, ఇన్నాళ్లూ ఏమీ అనలేదు, అది నా తప్పే.

ఇప్పుడు అవతలి వైపు చర్చివాళ్లు ఊరిని వార్డులుగా విడగొట్టమని కౌన్సిల్‌ని అడగబోతున్నారు. మీటింగులో ఊళ్లో ఉండేవాళ్లు ఎవరైనా మూడు నిమిషాలు మాట్లాడచ్చు. "నువ్వూ ఈ ఊరిదానివే కదా, వచ్చి మాట్లాడు" అంది నా ఫ్రెండ్. సరేనన్నాను.

అన్నాక మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో, ఎవరైనా తోడు వస్తారా అని పెట్టాను. "మనకెందుకమ్మా", "వాళ్లూ వాళ్లూ చూసుకుంటారు", "మీ ఆయన ఇంటర్వ్యూ అయ్యేదాకా ఆగరాదూ"... ఇవీ జవాబులు. ఒక పెద్దాయన ఫోన్ చేసి మరీ చెప్పారు, "మనం ఇక్కడ అద్దెకున్నవాళ్లలాగా ఉండాలమ్మా, ఇంటిగలవాళ్ల తగువులో దూరకూడదు" అని. ఆయన మంచికే చెప్పారని తెలుసు. కానీ రాత్రంతా నిద్ర పట్టలేదు. ఇల్లు కొనుక్కున్నాం, పిల్లలు ఇక్కడే పుట్టారు, పన్ను కడుతున్నాం, ఇంకా అద్దెకున్నవాళ్లమేనా?

రెండు ప్రశ్నలు. మాట్లాడితే మా ఆయన ఫైలుకి ఏమైనా అవుతుందా? రెండోది, బాధ వాళ్లది, నేను లేచి ఏం మాట్లాడాలి? అసలు ఆ హక్కు నాకుందా?

---

గోదారిగట్టు:

అమ్మా, నేను మాంట్‌గోమరీలో ఇరవై ఆరేళ్ల నుంచి ఉంటున్నాను. నీ రెండో ప్రశ్నకి నాకు తెలిసింది చెప్తాను.

మీ ఊళ్లో జరుగుతున్నది మనవాళ్లకి అర్థం కావాలంటే పంచాయతీ పెట్టి చెప్పు. మన ఊళ్లో వార్డు మెంబర్లుంటారు, పేటకి ఒకరు, అగ్రహారానికి ఒకరు, చెరువుగట్టు వీధికి ఒకరు. అలా కాకుండా మెంబర్లందరినీ ఊరంతా కలిసి ఎన్నుకోమంటే ఏమవుతుంది? వందమంది ఓటర్లలో అరవై అయిదుగురు ఒక వైపు, ముప్పై అయిదుగురు ఒక వైపు ఉండి, ఎవరి మనిషికి వాళ్లు వేసుకుంటే, అయిదు సీట్లూ అరవై అయిదుగురివే. ముప్పై అయిదుగురికి ఒకటో రెండో రావాలి కదా, సున్నా వస్తుంది. వాళ్లని ఓటు వెయ్యకుండా ఎవరూ ఆపలేదు, అందరూ వరసలో నిలబడి వేశారు, అయినా సున్నా. ఇందులో ఎవరూ ఎవర్నీ తిట్టక్కర్లేదు, కొట్టక్కర్లేదు. పద్ధతే ఆ పని చేసిపెడుతుంది. జాతివివక్ష అంటే నోటితో అనే మాట ఒక్కటే అనుకునేవాళ్లకి ఇది చెప్పాలి.

మన అలబామాలోనే మొబైల్ నగరం ఉంది చూడు. అక్కడ 1911 నుంచి ముగ్గురు కమిషనర్లని ఊరంతా కలిసి ఎన్నుకునేవాళ్లు. జనంలో మూడోవంతుకి పైగా నల్లజాతివాళ్లు, ఒక్కడంటే ఒక్కడు గెలవలేదు. కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్తే 1980లో కోర్టు ఏమందంటే, ఫలితం ఇలా ఉంటే చాలదు, కావాలని చేశారని రుజువు చెయ్యండి అంది. డెబ్బై ఏళ్ల కిందట పోయినవాళ్ల మనసులో ఏముందో ఎవడు రుజువు చేస్తాడు? అందుకే 1982లో కాంగ్రెస్, అంటే ఇక్కడి పార్లమెంటు, ఓటు హక్కుల చట్టంలోని రెండో సెక్షన్ మార్చింది, ఉద్దేశం కాదు ఫలితం చూడండని. ఆ తర్వాతే అలబామాలో చాలా ఊళ్లు, కౌంటీలు కోర్టు ఒత్తిడి మీద వార్డులకి మారాయి.

ఇక్కడిదే టస్కీగీ ఊరి సంగతి ఇంకా ఘోరం. 1957లో అక్కడ నల్లజాతి ఓటర్లు పెరుగుతున్నారని చెప్పి ఊరి హద్దునే మార్చేశారు. నలుచదరంగా ఉన్న ఊరిని ఇరవై ఎనిమిది మూలల బొమ్మగా గీశారు. నాలుగు వందలమంది నల్లజాతి ఓటర్లలో నలుగురో అయిదుగురో మిగిలారు, తెల్లవాళ్లలో ఒక్కరూ పోలేదు. ఇల్లు కదలకుండా కూర్చున్నవాళ్లు తెల్లారేసరికి ఊరి బయట ఉన్నారు. 1960లో సుప్రీం కోర్టు కొట్టేసింది.

ఇవన్నీ పాతవి అనేవాళ్లుంటారు. కాంగ్రెస్‌లో అలబామాకి ఏడు సీట్లు, జనంలో నాలుగోవంతుకి పైగా నల్లజాతివాళ్లు. 2021లో గీసిన మ్యాపులో వాళ్లు మెజారిటీగా ఉన్న సీటు ఒక్కటే. 2023 జూన్‌లో సుప్రీం కోర్టు 5-4తో అది తప్పంది. అయినా నెలన్నర తిరక్కుండా అసెంబ్లీ మళ్లీ అలాంటి మ్యాపే గీసి పంపింది, సుప్రీం కోర్టు చెప్పాక కూడా. చివరికి ఫెడరల్ కోర్టు తనే వేరే మనిషిని పెట్టి గీయించింది. 2024 నవంబర్‌లో రెండో సీటు నుంచి షొమారి ఫిగర్స్ గెలిచాడు. అంతకుముందున్న టెర్రీ స్యూవెల్‌తో కలిపి అలబామా నుంచి ఒకేసారి ఇద్దరు నల్లజాతి మెంబర్లు ఉండటం అదే మొదటిసారి.

---

డల్లాస్_బాబాయ్:

అమ్మాయ్, తప్పుగా తీసుకోకు. నాకూ ఆడపిల్లలున్నారు, ఆ భయంతోనే రాస్తున్నాను.

మన పిల్లలు చదువుకుని, ఫీజులకి అప్పులు చేసి, లాటరీలో వీసా తగిలి, గ్రీన్ కార్డు కోసం పదిహేనేళ్లు ఎదురుచూసి ఇక్కడ నిలబడ్డారు. మన కోసం ఎవరూ వీధిలోకి రాలేదు. కాలేజీ సీట్లలో మన పిల్లలకి అన్యాయం జరుగుతోందని కేసు నడిచినప్పుడు నల్లజాతి సంఘాలన్నీ అవతలి వైపే నిలబడ్డాయి. ఎవరి పోరాటం వాళ్లది. చిన్న ఊరు అంటున్నావు, రేపు మీ పిల్లలు ఆ స్కూల్లోనే చదవాలి, ఆ కౌన్సిల్ మెంబర్ల పిల్లల పక్కనే కూర్చోవాలి. మీ ఆయన పని అయ్యాక చూసుకో, ఆర్నెల్లు ఆగితే కొంపలంటుకుపోవు కదా.

---

పాలమూరు_బిడ్డ:

బాబాయ్, మీ భయం అర్థమైంది. కానీ ఎవరూ మనకోసం రాలేదన్నారు చూడండి, అక్కడ మాత్రం నేను ఒప్పుకోను.

1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీం కోర్టు ఏమంది? భారతీయులు తెల్లవాళ్లు కాదు కాబట్టి పౌరసత్వానికి పనికిరారంది. ఆ తర్వాత అప్పటికే పౌరసత్వం వచ్చినవాళ్ల దగ్గర కూడా వెనక్కి లాక్కున్నారు. 1946లో చట్టం మారిస్తే మన దేశం మొత్తానికి ఏడాదికి వందమందికి అవకాశం ఇచ్చారు. వందమంది! ఇప్పుడు ఒక్క అమీర్‌పేట గల్లీ నుంచి అంతకన్నా ఎక్కువమంది వస్తున్నారు. మరి తలుపు ఎప్పుడు తెరుచుకుంది? 1965 అక్టోబర్ 3న, అధ్యక్షుడు జాన్సన్ వలస చట్టం మీద సంతకం పెట్టినప్పుడు. అదే జాన్సన్ ఓటు హక్కుల చట్టం మీద సంతకం పెట్టింది అదే ఏడాది ఆగస్టు 6న. రెండింటికీ మధ్య రెండు నెలలు లేవు. పుట్టిన దేశాన్ని బట్టి, జాతిని బట్టి మనిషికి కోటా పెట్టడం తప్పు అనే మాట ఈ దేశం నోట రావడానికి ఎవరు దెబ్బలు తిన్నారు? సెల్మాలో మార్చి 7న ఓటు హక్కు కోసం ఊరేగింపుగా వెళ్తుంటే వంతెన మీద ఉద్యమ నాయకుడు జాన్ లూయిస్ తల పగిలింది. అంతకు కొన్ని రోజుల ముందు మేరియన్‌లో పోలీసు తూటా తగిలి జిమ్మీ లీ జాక్సన్ చనిపోయాడు. సెల్మా ఉన్న డాలస్ కౌంటీలో అప్పటికి నల్లజాతి పెద్దల్లో వందకి ఇద్దరికే ఓటుంది, పక్కనే లౌండ్స్ కౌంటీలో జనంలో ఎక్కువమంది వాళ్లే అయినా ఒక్కరికీ లేదు. ఓటు నమోదు ఆఫీసు నెలకి రెండు రోజులు తెరిచేవాళ్లు. అలాంటి చోట లైన్లో నిలబడ్డ ముసలమ్మలు మనకి తెలియకుండానే మనకోసం కూడా నిలబడ్డారు బాబాయ్.

ఇంకోటి, అక్క ఉండేది అలబామా కాబట్టి చెప్తున్నా. 2015 ఫిబ్రవరిలో హంట్స్‌విల్ పక్కన మాడిసన్‌లో జరిగింది గుర్తుందా? మనవణ్ణి చూసుకోడానికి గుజరాత్ నుంచి వచ్చిన 57 ఏళ్ల పెద్దాయన, పొద్దున కొడుకు ఇంటి ముందు కాలిబాట మీద నడుస్తున్నాడు. ఎవరో పోలీసులకి ఫోన్ చేసి సన్నటి నల్లజాతి మనిషి ఇళ్లవైపు చూస్తూ తిరుగుతున్నాడని చెప్పారు. పోలీసులు వచ్చారు, ఆయనకి ఇంగ్లీషు రాదు, "ఇండియా, నో ఇంగ్లీష్" అన్నాడు. చేతులు వెనక్కి పట్టుకుని నేలకేసి కొట్టారు. మెడ దగ్గర వెన్ను దెబ్బతింది, కాళ్లూ చేతులూ సరిగా పనిచెయ్యలేదు. వీడియో దేశమంతా చూసింది. ఆ పోలీసు మీద ఫెడరల్ కేసు పెడితే రెండుసార్లు జ్యూరీ ఒక మాట మీదకి రాలేదు, 2016 జనవరిలో జడ్జి నిర్దోషి అన్నారు. మనం "వాళ్లు" అంటున్నాం కదా, ఆ ఫోన్ చేసినాయన కళ్లకి మనమూ వాళ్లూ ఒకటే అయ్యాం. మా అమ్మానాన్న వచ్చినప్పుడల్లా పొద్దున్నే వాకింగ్‌కి వెళ్తామంటే నాకు ఈ సంగతే గుర్తొస్తుంది, టెన్షన్‌తో కిటికీ దగ్గర నిలబడతాను.

---

మాలపేట_నుంచి:

అక్కా, వెళ్లి మాట్లాడండి. నేను గుంటూరు జిల్లా నుంచి వచ్చాను, పేరులోనే చెప్పాను ఎక్కడి నుంచో.

పైన అన్న రాసిన ముప్పై అయిదు, అరవై అయిదు లెక్క మా నాన్నకి బడికి వెళ్లకుండానే తెలుసు. 1932లో పూనా ఒప్పందం దగ్గర అంబేడ్కర్ కొట్లాడింది దీని గురించే. మాకు సీటు ఇవ్వడం ఒకటి, ఆ సీటులో ఎవరు కూర్చోవాలో ఎవరు తేలుస్తారన్నది ఇంకొకటి. ప్రత్యేక నియోజకవర్గాలు పోయి ఉమ్మడి ఓటుతో రిజర్వుడు సీట్లొచ్చాయి. సీటు మాది, గెలిపించేది ఊరు. మా ఊళ్లో రిజర్వేషన్‌లో సర్పంచ్ అయినాయన అయిదేళ్లూ పెద్దకాపుగారి అరుగు కింద నిలబడే సంతకాలు పెట్టాడు, నేను నా కళ్లతో చూశాను. కాబట్టి వార్డులు అడిగేటప్పుడు గీతలు ఎక్కడ గీస్తున్నారో కూడా చూడమని మీ ఫ్రెండ్‌కి చెప్పండి. పట్టాల అవతలి వీధుల్ని అయిదు ముక్కలు చేసి అయిదు వార్డుల్లో కలిపేస్తే వార్డులు వచ్చినా సీటు రాదు.

అంబేడ్కర్ 1946లో ఇక్కడి నల్లజాతి నాయకుడు, రచయిత డు బోయిస్‌కి ఉత్తరం రాశారు, నల్లజాతివాళ్లు ఐక్యరాజ్యసమితికి పెట్టబోయే అర్జీ కాపీ ఇప్పించమని. డు బోయిస్ జవాబు కూడా రాశారు. అప్పటికే వాళ్లిద్దరికీ తెలిసింది ఇవాళ మన అసోసియేషన్లలో తెలియదు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షని నిషేధిస్తే, మన గ్రూపుల్లో ఎంత కోపం వచ్చిందో నేను చదివాను. ఇక్కడ మనం తెల్లవాళ్ల పక్కన చిన్నబోయినప్పుడు జాతివివక్ష అంటాం, పాట్‌లక్‌లో నా ఇంటిపేరు అడిగి ఊరు అడిగి చివరికి "ఓహో" అని ఊరుకున్నప్పుడు దానికి పేరే పెట్టం. ఇది మిమ్మల్ని అనట్లేదక్కా. మీరు నల్లజాతివాళ్ల కోసం నోరు విప్పుతున్నారంటే నాకు నిజంగా ధైర్యం వచ్చింది, అందుకే ఇంత రాశాను.

ఒక్క మాట, అక్కడ వాళ్ల తరఫున మాట్లాడకండి. వాళ్ల బాధ వాళ్లే చెప్తారు, మీకన్నా బాగా చెప్తారు. మీరు పట్టాలకి ఇవతల ఉండి ఏం చూశారో అది చెప్పండి. మా వైపు సిమెంటు నెలలో వచ్చింది అన్నారు చూడండి, అది మీరే చెప్పగలరు. అలాగే ఇళ్లలో మనవాళ్లు వాళ్లని పిలిచే మాట ఒకటుంది, ఆ మాట పిల్లల ముందు వాడొద్దని మన గ్రూపులో కూడా ఎవరైనా అంటే బాగుంటుంది.

---

ఫారాల_పని:

మొదటి ప్రశ్నకి. నేను లాయర్ని కాదు, ఇమిగ్రేషన్ ఆఫీసులో కాగితాలు చూసే పని చేశాను, మీ ఆయన ఫైలు గురించి మాత్రం సొంత లాయర్‌ని అడగండి.

ఊరి మీటింగులో ముందే పేరిచ్చుకుని, టైమ్ ప్రకారం మాట్లాడి కూర్చోవడం సిటిజన్‌గా మీ హక్కు. గ్రీన్ కార్డువాళ్లు కూడా మీటింగుకి రావచ్చు, మాట్లాడచ్చు. పేరుతో పాటు అడ్రస్ చెప్పమంటారు, అది రికార్డులో ఉంటుంది, దానికి సిద్ధపడండి. రోజులు బాగాలేవు, వీసా మీద ఉన్న స్టూడెంట్లు భయపడటంలో తప్పేమీ లేదు, వాళ్లని రమ్మని ఒత్తిడి పెట్టొద్దు.

మనవాళ్లు నిజంగా జాగ్రత్తపడాల్సింది వేరే చోట. డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులో ఓటుకి నమోదు చేస్తారా అని అడిగితే, సిటిజన్ కానివాళ్లు పొరపాటున కూడా అవునని టిక్కు పెట్టకూడదు. సిటిజన్‌ని అని చెప్పినట్టవుతుంది, ఫైలు ఆగుతుంది, దేశం నుంచి పంపేసేదాకా కూడా వెళ్లచ్చు. నేను చూసిన కష్టాలన్నీ ఆ టిక్కువల్ల వచ్చినవే, మీటింగులో మాట్లాడినందుకు వచ్చింది ఒక్కటీ చూడలేదు.

ఇంకా, ఓటు హక్కుల చట్టం నల్లజాతివాళ్లకే అనుకునేవాళ్ల కోసం. అందులో 208వ సెక్షన్ ఉంది. ఇంగ్లీషు చదవలేనివాళ్లు, చూపు లేనివాళ్లు, వైకల్యం ఉన్నవాళ్లు తమకి నచ్చిన మనిషిని ఓటు వేసేచోటికి తోడు తీసుకెళ్లచ్చు, పనిచేసే చోట యజమానీ, యూనియన్‌వాళ్లూ తప్ప. సిటిజన్ అయిన మీ అత్తగారు ఓటు వెయ్యాలంటే కొడుకో కూతురో పక్కన నిలబడి చదివి చెప్పచ్చు. 2014లో టెక్సాస్‌లో ఒక బెంగాలీ తల్లికి కొడుకు తోడు వెళ్తే, అతను పక్క కౌంటీ ఓటరని చెప్పి ఒప్పుకోలేదు. ఆ కేసులో 2017లో అప్పీల్ కోర్టు రాష్ట్రం పెట్టిన ఆ షరతు చెల్లదంది. ఆ సెక్షన్ వచ్చింది కూడా 1982లోనే, గోదారిగట్టుగారు చెప్పిన సవరణతో పాటే.

జనాభా లెక్కల్లో వీసావాళ్లనీ లెక్కపెడతారని చాలామందికి తెలియదు. సీట్లు పంచేది మొత్తం జనాన్ని బట్టి, ఓటర్లని బట్టి కాదు. మీరు వాట్సాప్‌లో మనకెందుకు అన్నా, ఆ సీటులో మీ తలకాయ కూడా లెక్కలో ఉంది.

---

డల్లాస్_బాబాయ్:

పాలమూరు బాబూ, ఆ 1965 తేదీల సంగతి నాకు నిజంగా తెలియదు. మాడిసన్ పెద్దాయన వీడియో మాత్రం గుర్తుంది, నాదీ దాదాపు అప్పట్లో ఆ వయసే. అమ్మాయ్, నీకు నచ్చినట్టు చెయ్యి. చిన్న ఊరు కాబట్టి రాత్రి తిరిగొచ్చేటప్పుడు ఒక్కదానివీ రాకు.

---

రైలుపట్టాల_ఊరు:

అందరికీ చాలా థాంక్స్. నిన్న మీటింగు అయింది, రాత్రి పొద్దుపోయింది, ఇప్పుడు రాస్తున్నాను.

మాలపేట నుంచి రాసిన తమ్ముడో చెల్లో, మీ మాట పట్టుకునే రాసుకుని వెళ్లాను. మా వీధి పేరు చెప్పాను. మా ఇంటి ముందు కాలిబాట ఏ నెలలో పగిలింది, ఏ నెలలో బాగుచేశారు అన్నది ఫోన్లో ఉన్న ఫోటోల తేదీలతో సహా చదివాను. నా ఫ్రెండ్ తొమ్మిదేళ్ల అర్జీలు ఆవిడే తెచ్చింది, ఒక సంచీడు ఉన్నాయి. ఆవిడ అవి బల్ల మీద పెడుతుంటే ఎవరూ మాట్లాడలేదు. నేను ఆగస్టు, అక్టోబర్ 1965 సంగతి చెప్పి, ఈ ఊళ్లో నాకు ఇల్లుందంటే అది వీళ్లు తెచ్చుకున్న చట్టం పక్కనే వచ్చిన ఇంకో చట్టం వల్ల అన్నాను. అక్కడ గొంతు వణికింది. గంట మోగేసరికి ఒక లైను మిగిలిపోయింది.

ఒక మెంబరు "మీరు అసలు ఎక్కడినుంచి వచ్చారు" అని అడిగాడు. మా వీధి పేరు మళ్లీ చెప్పాను. వెనకాల చర్చివాళ్లు చప్పట్లు కొట్టారు, అధ్యక్షుడు ఆపమన్నాడు.

మా ఆయన వస్తానన్నాడు, వద్దన్నా వచ్చి వెనకవరసలో కూర్చున్నాడు. మన గ్రూపు నుంచి ఒకావిడ వచ్చింది, పేరు ఎక్కడా రాయొద్దంది. ఫోన్ చేసిన పెద్దాయన రాలేదు, పొద్దున మళ్లీ ఫోన్ చేసి ఏమైందని అడిగారు, అంతా విన్నారు, ఏమీ అనలేదు.

కౌన్సిల్ ఏమీ తేల్చలేదు. ఊరి లాయర్‌తో మాట్లాడి వచ్చే నెల చెప్తామన్నారు. చర్చివాళ్లు ఈలోపు తామే ఒక వార్డుల మ్యాపు గీసి పట్టుకెళ్దామంటున్నారు, పట్టాల అవతల వీధులు ముక్కలు కాకుండా. జనాభా లెక్కల బ్లాకుల వివరాలు దొరుకుతాయట కానీ వాటిని మ్యాపు మీద పెట్టడం మాలో ఎవరికీ రాదు. ఇక్కడ జీఐఎస్, అంటే కంప్యూటర్‌లో మ్యాపుల పని తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే, రెండు మూడు శనివారాలు ఆన్‌లైన్‌లో కూర్చోగలిగితే, నాకు మెసేజ్ పెట్టండి. మూడు వారాలే ఉంది.